మారుమూల బడిలో యంత్రపాఠము

“అయస్కాంతము ఇనుమును ఆకర్షించును” అను వాక్యమును నాలుగవ తరగతి పిల్లవాడు ఒక్క క్షణములో కంఠస్థము చేయగలడు. పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొనగలడు. కాని అయస్కాంతమును చేతబట్టి, ఇసుకలో దొర్లించి, దానికి అంటుకొని వచ్చిన నల్లని రజను చూడని పిల్లవానికి అది విన్న మాట మాత్రమే. తెలిసికొన్న విషయము కాదు. గణితము సంగతియు ఇట్టిదే. త్రిభుజములోని మూడు కోణముల మొత్తము 180 డిగ్రీలని నల్లబల్ల చూచి వ్రాసికొనుట వేరు. కాగితపు త్రిభుజము యొక్క మూడు మూలలు చించి, ప్రక్కప్రక్కన పేర్చి, అవి ఒకే సరళరేఖపై అమరుటను కన్నులార చూచుట వేరు.

అందుచేతనే దూరము తక్కిన విద్యలకంటె విజ్ఞానశాస్త్రమునకు, గణితమునకు ఎక్కువ నష్టము చేయుచున్నది. వాచకమును ఎంతటి మారుమూల పల్లెలోనైనను ఒక ఉపాధ్యాయుడు చదివి వినిపింపగలడు. కాని ఐదు తరగతులను ఒకే గదిలో కూర్చుండబెట్టుకొన్న ఏకోపాధ్యాయ పాఠశాలలో ఒక తరగతికి ప్రయోగము చూపవలెనన్న, తక్కిన నాలుగు తరగతుల పిల్లలు ఏమి చేయవలెను? పరికరములు ఎక్కడనుండి రావలెను? ఆ ఉపాధ్యాయుడే తన చదువులో ఏనాడును ప్రయోగము చేసి యెరుగనివాడైన, శిష్యునకు దేనిని చూపగలడు?

ఈ లోటును యంత్రముతో పూరింపవలెనను ప్రయత్నమునకు దాదాపు నూరేండ్ల చరిత్ర కలదు. టాబ్లెట్లు, కంప్యూటర్లు, ఫోనులో తెరచుకొను బొమ్మలపాఠములు నేడు డిజిటల్ వనరులను పేరుతో పల్లెబడులకు చేరుచున్నవి. పేరు క్రొత్తది, కోరిక పాతది. ప్రతి తరములోను ఒక క్రొత్త యంత్రము వచ్చి, ఉపాధ్యాయుడు చేరలేని చోటికి తాను చేరుదునని ఆశ పెట్టినది. ఆ యాశలో ఎంత ఫలించినదో తెలిసికొనుటకు ఒక ప్రశ్న చాలును: యంత్రము మాటాడుచున్నప్పుడు పిల్లవాడు ఏమి చేయుచున్నాడు?

మొదట వచ్చినది రేడియో. ఇంగ్లండులో బి.బి.సి. 1924లోనే పాఠశాలలకు ప్రసారములు ఆరంభించినది. మన దేశములో 1930వ దశకమునుండి ఆకాశవాణి కేంద్రములు ఆ మార్గమును పట్టినవి. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము వెలసిన పిమ్మట తెలుగు దేశపు నడిబొడ్డునుండియే తెలుగు ప్రసారములు వినవచ్చినవి. రేడియో కథ చెప్పగలదు, పద్యము వినిపింపగలదు, చరిత్రపురుషుని కన్నులకు కట్టునట్లు నిలుపగలదు. కాని నిమ్మరసము తగిలిన లిట్మస్ కాగితము ఎఱ్ఱబారుటను అది చూపలేదు. అంతకంటె పెద్ద లోపము మరియొకటి కలదు. పాఠము అర్థము కానప్పుడు పిల్లవాని ముఖము వాడిపోవును. ఎదుట నున్న ఉపాధ్యాయుడు దానిని చూచి మరల చెప్పును. రేడియోకు ఆ ముఖము కనబడదు.

ఈ రెండవ లోపమును ఆస్ట్రేలియావారు ముందుగా గుర్తించినారు. మైళ్ళకొలది దూరములో ఒంటరిగా నున్న పశువుల క్షేత్రములలో పెరుగు పిల్లల కొరకు ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణమున 1951 జూన్ 8న ‘గాలిబడి’ యొకటి ప్రారంభమైనది. అంతకుముందే వైద్యసహాయము పిలుచుకొనుటకై ఆ యిండ్లలో రేడియో యంత్రములు ఉండినవి. అవి వినుటకే గాక మాటాడుటకును పనికివచ్చునవి. పంతులమ్మ ప్రశ్న వేసిన, వందల మైళ్ళ అవతలనుండి పిల్లవాడు జవాబు చెప్పగలిగినాడు. ఆ బడిలో యంత్రము గొప్పది కాదు; మాట రెండు వైపుల నడచుట గొప్పది.

మొదటి లోపమును, అనగా కన్నులకు చూపలేకపోవుటను, టెలివిజన్ తీర్చునని లోకమునకు తోచినది. ఢిల్లీలో 1959 సెప్టెంబరు 15న టెలివిజన్ ఆరంభమైనది. రెండేండ్లు గడచినంతనే, 1961 అక్టోబరులో, ఫోర్డ్ ఫౌండేషన్ సహాయముతో ఉన్నత పాఠశాలలకు పాఠముల ప్రసారము మొదలైనది. భౌతిక, రసాయన శాస్త్రములకు అందులో ప్రముఖస్థానము లభించినది. కారణము స్పష్టమే. ఢిల్లీవంటి మహానగరములో సైతము నాడు అనేక పాఠశాలలకు ప్రయోగశాలలు లేవు, తగిన శాస్త్రోపాధ్యాయులు లేరు. ఒక్క మంచి ఉపాధ్యాయుడు స్టూడియోలో ఒక్కమారు చేసిన ప్రయోగమును వేలమంది పిల్లలు చూడగలిగినారు. ఇది స్వల్పలాభము కాదు. అయినను చూచుటకు, చేయుటకు నడుమ నున్న అంతరము అట్లే మిగిలినది.

ఢిల్లీ నగరము మారుమూల కాదు. మారుమూల పల్లెకు బొమ్మను చేర్చవలెనన్న భూమిమీది స్తంభములు చాలవు, ఆకాశమునుండి పంపవలెను. విక్రమ్ సారాభాయి తలపోసినది ఇదియే. రోడ్డు, తపాలా, సినిమాహాలు చేరిన పిమ్మట చిట్టచివరకు పల్లెకు టెలివిజన్ చేరుట గాక, ముందుగా పల్లెకే చేరవలెనని ఆయన సంకల్పము. ఆ సంకల్పము 1969 సెప్టెంబరులో భారత అణుశక్తి శాఖకు, అమెరికా అంతరిక్ష సంస్థయగు నాసాకు మధ్య ఒప్పందముగా రూపొందినది. అది ఫలించుటను చూడకయే 1971 డిసెంబరులో సారాభాయి మరణించినాడు.

ఆ ప్రయోగమునకు ‘సైట్’ అని పేరు. 1975 ఆగస్టు 1న మొదలై 1976 జులై 31తో ముగిసినది. ఉపగ్రహము అమెరికావారిది, భూమిమీది ఏర్పాటు, పాఠములు మనవి. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మధ్యప్రదేశ్, రాజస్థాన్, బీహారు, ఒరిస్సా అను ఆరు రాష్ట్రములలోని 20 జిల్లాలలో సుమారు 2,400 గ్రామములను ఇందుకై ఎన్నుకొన్నారు. మన మెదకు, మహబూబునగరు, కర్నూలు జిల్లాల పల్లెలు అందులో నుండినవి. టెలివిజన్ సెట్లు హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. కర్మాగారములో తయారైనవి. సంకేతమును పట్టు గొడుగు సుమారు మూడు మీటర్ల వెడల్పు గలది. కోళ్ళగూళ్ళకు కట్టు తీగవలవంటి వలతో దానిని అల్లినారు. ఖరీదు తక్కువ, చెడిన బాగుచేయుట సులభము. తెలుగు కార్యక్రమముల తయారీకి హైదరాబాదులో ఒక కేంద్రము ఏర్పడినది. ఒకే బొమ్మకు రెండు భాషల మాటను జోడించి పంపగల సదుపాయము ఆ ఉపగ్రహములో నుండినది.

సాయంకాలము పెద్దలకు వ్యవసాయము, ఆరోగ్యము మొదలగు విషయములు. ఉదయము పిల్లలకు పాఠము. ఒక్కొక్క భాషకు ప్రతిదినము లభించినది 22.5 నిముషములు. ఐదేండ్ల శిశువునుండి పండ్రెండేండ్ల బాలుని వరకు అందరును ఒకే సెట్టు ముందు కూర్చుండినారు. వీరందరికి ఒకే పాఠము నప్పునా? ఏ వయసువానికి తగినట్లు చెప్పవలెను? ఈ చిక్కు ఏకోపాధ్యాయ పాఠశాలలో నిత్యము ఉన్నదే. అది ఇప్పుడు ఆకాశమున కెక్కినది. అయినను పరిశీలకులు కొంత మేలును గుర్తించినారు. ఆ పిల్లల భాషాశక్తి వృద్ధిపొందినది. తమకు అలవాటైన చోట్లనుండియే గాక ఇతర మార్గములనుండియు విషయములు తెలిసికొనవలెనను ఆసక్తి వారిలో పెరిగినది.

సైట్ అనగానే అందరును తలచుకొనునది గొడుగును, పెట్టెను, దాని ముందు గుమిగూడిన జనమును. ఆ సంవత్సరములో జరిగిన మరొక పని అంతగా జ్ఞప్తిలో లేదు. అది ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో ఇచ్చిన శిక్షణ. 1975 అక్టోబరులో 12 దినములపాటు, ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులు సుమారు 24,000 మంది తమ తమ గ్రామకేంద్రములలోనే కూడి ఈ శిక్షణ పొందినారు. 1976లో దానిని మరల జరిపినారు. టెలివిజన్ పాఠము అందులో ఒక భాగము మాత్రమే. దానికి రేడియో తోడైనది, అచ్చుపుస్తకములు తోడైనవి, అన్నిటికంటె ముఖ్యముగా, చూచినదానిని ఉపాధ్యాయులు అక్కడనే స్వహస్తములతో చేసి చూచినారు. తెర ప్రయోగమును చూపినది, చేతులు దానిని చేసినవి, తోటివారితో చర్చ సాగినది. జాతీయ విద్యాపరిశోధన శిక్షణ మండలి ఈ ఏర్పాటును చేసినది.

ఇందలి మర్మము గమనింపదగినది. పిల్లవానికి నేరుగా పంపిన పాఠము ఆ ఉదయముతో ముగియును. ఉపాధ్యాయునకు నేర్పిన పాఠము ఆయన ఉద్యోగకాలమంతయు నిలుచును. ఒప్పందము ప్రకారము ఉపగ్రహము ఏడాది నిండగనే అమెరికావారి పనికి మరలిపోయినది. దానితోపాటు ఉదయపు పాఠమును మరలిపోయినది. మనదే యగు ఇన్సాట్ ఉపగ్రహములు 1980వ దశకములో వచ్చు వరకు ఆ పల్లెలలో పలుచోట్ల ఆకాశపాఠము లేదు. కాని ఆ పండ్రెండు దినములలో అయస్కాంతమును చేతబట్టిన ఉపాధ్యాయుడు ఆ ఊరిలోనే ఉన్నాడు.

అదే కాలమున ఉపగ్రహముతో పనిలేని ప్రయత్నము ఒకటి మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాదు జిల్లాలో సాగినది. కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అను రెండు సంస్థలు 1972లో 16 మాధ్యమిక పాఠశాలలతో దానిని ఆరంభించినవి. పేరుపొందిన శాస్త్రజ్ఞులు అందులో పాల్గొనినారు. అక్కడ సూత్రములను వల్లించుట లేదు. పిల్లలు జట్లుజట్లుగా కూర్చుండి, చవుకవస్తువులతో ప్రయోగము చేసి, తాము కన్నదానిని వ్రాసికొని, దానిపై వాదించుకొనెడివారు. ముప్పది సంవత్సరములు నడచి, వందలాది పాఠశాలలకు వ్యాపించిన ఈ పనిని 2002లో రాష్ట్రప్రభుత్వము నిలిపివేసినది. సైట్ దూరమును జయించినది. హోషంగాబాదు చేతికి పని కల్పించినది. ఈ రెండును ఒకచోట కలిసిన ఏమగునో చూపిన సంఘటన భూగోళమునకు ఆవలివైపున, నికరాగువా అను చిన్నదేశములో జరిగినది.

రేడియోలో పనిచేయు మాకు నిశ్శబ్దమన్న భయము. ప్రసారములో కొన్ని క్షణములు శబ్దము ఆగిన అది లోపముగా నమోదగును, సంజాయిషీ చెప్పవలసివచ్చును. కనుక మేము మాటతోనో, పాటతోనో ప్రతి క్షణమును నింపుదుము. నికరాగువాలో 1974లో ఆరంభమైన రేడియో గణితప్రణాళిక ఈ నియమమును తలక్రిందులు చేసినది. అమెరికా ప్రభుత్వ సహాయసంస్థ ధనమిచ్చినది; స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు పండితులు స్థానిక ఉపాధ్యాయులతో కలిసి పాఠములు కూర్చినారు. రేడియోలోని గొంతు ఒక లెక్క అడుగును. ఏడును ఆరును కలిపిన ఎంత అని అడిగినదనుకొందము. అడిగి ఊరకుండును. గదిలోని పిల్లలందరును ఒక్కపెట్టున పదమూడని కేకవేయుదురు. అప్పుడు రేడియో సరియైన జవాబు చెప్పును. అరగంట పాఠములో ఇట్టి విరామములు పదులకొలది. పాటకు చప్పట్లు, పలకపై వ్రాత, నిలువబడుట, కూర్చుండుట, అన్నియు ఆ విరామములలోనే. ప్రసారము ముగిసిన పిమ్మట తరగతి ఉపాధ్యాయుడు మిగిలిన పాఠమును నడపును.

ఫలితములను కొలిచినప్పుడు రేడియోతో గణితము నేర్చిన పిల్లలు, నేర్వని పిల్లలకంటె స్పష్టముగా ముందున్నారు. పల్లెపిల్లల లాభము పట్టణపు పిల్లల లాభముకంటె మిన్నగా కనబడినది. 1979లో ఆ దేశమున విప్లవము వచ్చి ప్రణాళిక ఆగిపోయినను, పద్ధతి ఆగలేదు. హోండూరాస్, బొలీవియా మొదలగు దేశములు దానిని తమ భాషకు, తమ బడులకు తగినట్లు మలచుకొన్నవి. అన్ని యంత్రములలోను చవుకయైన యంత్రము, బొమ్మ చూపలేనిది, పిల్లవాని గొంతు వినలేనిది, ఈ మేలు చేయగలిగినది. పిల్లవాని జవాబును అది వినలేదు. కాని జవాబు చెప్పుటకు అతనికి చోటు విడిచినది.

ఈ దృష్టాంతము ప్రక్కన మరొక దానిని నిలిపి చూడవలెను. ప్రతి బాలునకు ఒక లాప్‌టాప్ అను ఉద్యమము 2005లో అమెరికాలో బయలుదేరినది. పెరూ దేశము 2008 మొదలు లక్షలకొలది యంత్రములను కొని, కొండలలోని గ్రామపాఠశాలలకు పంపినది. ఇంతటి ఉదారమైన ప్రయత్నము అరుదు. 319 గ్రామీణ పాఠశాలలలో జరిపిన పరిశీలన 2012లో వెలువడినది. ఆ పాఠశాలలకు యంత్రములు పుష్కలముగా చేరినవి. పిల్లలు వానిని వాడుటయు నేర్చినారు. కాని గణితములోను, భాషలోను పరీక్షాఫలితములు పెరిగినట్లు ఆధారము కనబడలేదు. అర్ధశతాబ్ది క్రిందటి ట్రాన్సిస్టరు రేడియో చేయగలిగిన పనిని ఈ యంత్రము చేయలేకపోయినది. లోపము యంత్రములో లేదు. దానితో ఏ పాఠమును ఎట్లు నడపవలెనో ఉపాధ్యాయునకు తగినంతగా నేర్పకపోవుటలో నున్నది.

మన దేశమునకు ఈ పాఠము అపరిచితము కాదు. 1987లో మొదలైన ‘ఆపరేషన్ బ్లాక్‌బోర్డు’ క్రింద ప్రాథమిక పాఠశాలలకు విజ్ఞానశాస్త్ర పరికరముల పెట్టెలు, గణితపు పెట్టెలు వచ్చినవి. పగిలిన లెక్క చెప్పవలసివచ్చునను భయముతో వానిని బీరువాలో భద్రపరచిన బడులు అనేకము. 2004 సెప్టెంబరు 20న విద్య కొరకే ఉద్దేశించిన ‘ఎడ్యుశాట్’ ఉపగ్రహము శ్రీహరికోటనుండి ఎగసినది. అది ప్రశ్న అడుగుటకు వీలైన కేంద్రములను, కేవలము చూచుటకు వీలైన కేంద్రములను కూడ ఏర్పరచినది. ప్రశ్న అడుగగల కేంద్రమునకు ఖరీదు ఎక్కువ. కనుక చూచుటకు మాత్రమే వీలైనవి ఎక్కువైనవి. ఆ ఉపగ్రహపు ఆయువు 2010లో ముగిసినది.

ఇటీవలి ప్రయత్నములలో తెలంగాణమును తాకినది ఒకటి ప్రత్యేకముగా చెప్పదగినది. టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థ, టాటా ట్రస్టులు కలిసి 2015లో ‘క్లిక్స్’ అను పేర ప్రభుత్వ ఉన్నత పాఠశాలలలో ఒక పనిని చేపట్టినవి. రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, మిజోరాం, తెలంగాణ రాష్ట్రములలో అది నడచినది. పాఠములు తెలుగులోను సిద్ధమైనవి. ఇంటర్నెట్టు లేని బడియనియే మొదట భావించి, పాఠములన్నిటిని బడిలోనే యొక కంప్యూటరులో నిలువచేసినారు. ఒక్కొక్క కంప్యూటరు ముందు ఒక్కరు గాక ఇద్దరు ముగ్గురు పిల్లలు కూర్చుండునట్లు పాఠములను కూర్చినారు. జ్యామితిలో చతుర్భుజముల లక్షణములను చెప్పి వల్లింపజేయుట గాక, ఒక పోలీసు ఆటలో లక్షణములను బట్టి ఆకారమును పట్టుకొనుటగా మార్చినారు. ప్రక్కవానితో వాదింపక ఆ ఆట సాగదు. ఉపాధ్యాయులకు శిక్షణయు, ఒకరితో నొకరు మాటాడుకొనుటకు ఫోనులో బృందములును ఏర్పడినవి. 2017లో దీనికి యునెస్కో బహుమానము లభించినది. సైట్ నాటి పండ్రెండు దినముల శిక్షణను, హోషంగాబాదు జట్లను, నికరాగువా విరామమును ఎరిగినవారికి ఇందులో పాతనేస్తములే కనబడుదురు.

అదే యేడు సెప్టెంబరు 5న నాటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు చేతులమీదుగా ‘దీక్ష’ అను జాతీయవేదిక ప్రారంభమైనది. పాఠ్యపుస్తకములో అచ్చైన చదరపు గుర్తును ఫోనుకు చూపిన, పాఠము తెరపైకి వచ్చును. 2020లో మహమ్మారి బడులను మూసినప్పుడు ఇట్టి వనరుల విలువయు, వాని హద్దును ఒక్కమారే తెలిసివచ్చినవి. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1నుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారమున పాఠములు నడచినవి. నలుబదియైదేండ్ల క్రిందట మెదకు పల్లె కెక్కిన బొమ్మ మరల ఇంటింటికి వచ్చినది. ఫోను గలవాడు ప్రశ్న అడుగగలిగినాడు. టెలివిజన్ మాత్రమే గలవాడు చూచి ఊరకుండినాడు. రెండును లేనివాడు బడిని మరచినాడు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిదవ తరగతి విద్యార్థులకు, వారి ఉపాధ్యాయులకు సుమారు 5 లక్షల టాబ్లెట్లను పంచుట ఆరంభించినది. యంత్రము చేరుట నేడు నిజముగా సాధ్యమైనది.

చేరిన యంత్రము నిలుచుట వేరొక సంగతి. ఉపగ్రహమునకు ఆయువు కలదు; టాబ్లెట్టులోని బ్యాటరీకి అంతకంటె తక్కువ ఆయువు. ఒప్పందము ముగియును, ప్రభుత్వము మారును, పథకము పేరు మారును. ఈ నూరేండ్లలో ప్రతి యంత్రమును ఏదో ఒకనాడు బడిని విడిచిపోయినది. అది పోవునప్పుడు ఉపాధ్యాయుని చేతిలోను, పిల్లవాని చేతిలోను ఏమి మిగిల్చినది అనునదియే దాని యోగ్యతకు కొలత. ఉపాధ్యాయునకు బదులుగా వచ్చిన యంత్రము ఖాళీకుర్చీని మిగిల్చినది. ఉపాధ్యాయునకు తోడుగా వచ్చినది మెరుగైన ఉపాధ్యాయుని మిగిల్చినది. పల్లెబడిలో గణితము చెప్పువాని ఉద్యోగము ఖాళీగా నుండగా తెరను మాత్రము పంపి తృప్తిపడువారు ఈ లెక్కను ఒకసారి సరిచూచుకొనవలెను.

మంచి బొమ్మలపాఠము దొరకుట నేడు కష్టము కాదు. అణువుల కదలికను, గ్రహముల గమనమును, ఏ ప్రయోగశాలయు చూపలేనిదానిని తెర చూపగలదు, చూపవలెను. అయితే అది ఇంటర్నెట్టు లేనినాడును తెరచుకొనవలెను, పిల్లవాని భాషలో మాటాడవలెను, నడుమ ఆగవలెను. నికరాగువాలో రేడియో కొన్ని క్షణములు ఊరకుండుటచేత గెలిచినది. మన బడిలోను తెరను ఒక్క నిముషము ఆపి, “ఇప్పుడు ఏమగునో నీవు చెప్పు” అని అడిగి, అయస్కాంతమును పిల్లవాని చేతికిచ్చు ఉపాధ్యాయుడు ఒకడుండిన చాలును. ఇసుకలో రజను ప్రతి ఊరిలోను ఉన్నది.